పాత బట్టలు ఇవ్వాలా, డబ్బు ఇవ్వాలా?

మా ఊళ్లో పేద పిల్లలకు బట్టలు, చెప్పులు, సబ్బులు అందించే ఒక చిన్న సంస్థలో ఆదివారాలు మూటలు విప్పుతుంటాను. ఏది ఇస్తే మంచిదని చాలామంది అడుగుతారు.

పాత బట్టలు ఇవ్వడం సులువు. ఉతికి, ఊడిన గుండీలు కుట్టి ఇస్తే పిల్లలు ఇష్టంగా వేసుకుంటారు. 1999లో మొదలైన గూంజ్ సంస్థ పాత నూలు బట్టతో శానిటరీ ప్యాడ్లు కూడా చేయిస్తోంది, కాబట్టి పాత బట్టకు విలువ లేదనను. కానీ మాకొచ్చే మూటల్లో జిప్పు పోయిన నిక్కర్లు, మరకలు పడ్డ పట్టు పావడాలే ఎక్కువ. లోదుస్తులు, బూట్లు పాతవి అసలు ఇవ్వకండి. ఓ పాప ఇరుకైన బూట్లను మడమ దగ్గర తొక్కేసి, చెప్పుల్లా ఈడ్చుకుంటూ వచ్చింది. మడమ నిండా బొబ్బలు.

డబ్బుంటే ఆ పాదం కొలిచి కొనొచ్చు. హోల్‌సేల్‌లో ధరా తగ్గుతుంది. రసీదు తీసుకోండి, లెక్క అడగండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు విరాళాలపై ఉండే ఆదాయపు పన్ను మినహాయింపు వస్తువులకు రాదు, 2,000 రూపాయలు దాటిన నగదుకూ రాదు. యూపీఐ, చెక్కు మేలు.

నన్నడిగితే డబ్బే. స్వెటర్లు, దుప్పట్లు బాగుంటే మాత్రం చలి ముదరకముందే, అక్టోబరులోనే పంపండి.