పాటల పెట్టె బాగుంది, బాణీ కట్టినవాళ్ల పేర్లేవీ?

ఈ సంక్రాంతికి మా పెద్దమ్మాయి ఒక పాటల పెట్టె కొనిచ్చింది. చూడ్డానికి పాతకాలం రేడియోలా ఉంటుంది. లోపల వేల తెలుగు సినిమా పాటలు ముందే ఎక్కించి ఉంటాయి. నెట్ అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు. ఆరు వేల చిల్లర అయింది. అయిదు నెలలు రోజూ విన్నాక రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం చెప్పను.

పెట్టె మంచిదే. మా అమ్మకు 84 ఏళ్లు. సెల్‌ఫోన్ ముట్టుకోవడానికే భయపడే మనిషి, దీని గుండ్రటి మీట మాత్రం రెండో రోజుకే ఆవిడ చేతికి అలవాటైపోయింది. పొద్దున్నే గాయని సుశీల పేరు దగ్గర ఆపుకుని కూరలు తరుగుతుంది. సుశీలది మా విజయనగరమే కాబట్టి అమ్మకు సొంత ఆడపడుచు పాడుతున్నట్టే ఉంటుంది. ఒకసారి చార్జింగ్ పెడితే నాలుగైదు గంటలు వస్తుంది. గొంతులు స్పష్టంగా వినిపిస్తాయి, పద్యాలైతే మరీను. తబలా, మృదంగం దగ్గరే కాస్త డొల్లగా ఉంటుంది. మార్చిలో చార్జింగ్ పిన్ను వదులైతే సర్వీసు సెంటర్లో ఇచ్చాను. రెండు రోజులన్నారు, పన్నెండు రోజులు పట్టింది. డబ్బులు మాత్రం తీసుకోలేదు.

నా బాధ వేరు. పెట్టెతో పాటు ఒక పాటల పుస్తకం ఇస్తారు. అందులో పాటల్ని గాయకుల పేరు మీద, హీరోల పేరు మీద, ప్రేమ, భక్తి, విషాదం అని పేర్చారు. మీటకు కూడా అవే పేర్లు. పాట పక్కన సినిమా పేరు, పాడినవారి పేరు ఉంటాయి. బాణీ కట్టినవారి పేరు లేదు, రాసినవారి పేరు లేదు. సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు పుట్టిన ప్రాంతంలో కూర్చుని, ఆయన పేరు ఒక్కచోటా లేని పుస్తకం తిరగేయడం నాకు నిజంగా కష్టంగా ఉంది.

ఆదివారం సాయంత్రాలు మా అరుగు మీద నలుగురం చేరతాం. నేను, రైల్వేలో చేసి రిటైరైన మా బావగారు, ఇక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న మాస్టారు, ఎదురింటి ఇంజనీరింగ్ కుర్రాడు. ఒక్కొక్కరు ఒక పాట పెట్టాలి, మిగతావాళ్లు మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ పెట్టె వచ్చాక మా తగువులన్నీ ఒకే చోటికి చేరుతున్నాయి.

మొన్న బావగారు ‘శివశంకరీ’ పెట్టారు. 1961 నాటి జగదేకవీరుని కథలోది. పాట అయిపోగానే “ఘంటసాల తప్ప ఇంకెవడు పాడతాడు!” అన్నారు. మాస్టారికి కోపం వచ్చింది. “పాడాడు సరే, దర్బారీ కానడ రాగంలో అంత మేడ కట్టింది ఎవరండీ? పెండ్యాల పేరు ఒక్కసారైనా ఎత్తారా?” నేను మాస్టారి వైపే. అంతేకాదు, ఘంటసాల విషయంలోనే మనం పెద్ద అన్యాయం చేస్తున్నాం. గాయకుడిగా ఆయన్ని నెత్తిన పెట్టుకుని, సంగీత దర్శకుడిగా మరిచిపోయాం. పాతాళభైరవి, గుండమ్మ కథ, లవకుశ ఆయన కట్టిన బాణీలే. పుస్తకంలో గుండమ్మ కథలో సుశీల, లీల పాడిన పాటలు వాళ్లవాళ్ల పేజీల్లో ఉన్నాయి. అవి ఘంటసాలవని కొత్తగా వినే పిల్లలకు ఎలా తెలుస్తుంది?

మాయాబజార్ సంగతి ఇంకా చిక్కు. టైటిల్స్‌లో ఘంటసాల పేరే ఉంటుంది. కానీ ‘లాహిరి లాహిరి’తో సహా నాలుగు బాణీలు రాజేశ్వరరావు కట్టి తప్పుకున్నారు, మిగతా పనంతా ఘంటసాల పూర్తి చేశారు. ఆ పాట తేలిపోతూ వెళ్లే తీరు వింటే సాలూరి చెయ్యి తెలిసిపోతుంది. దేవదాసు 1953లో విడుదలయ్యేసరికి దానికి సంగీతం చేసిన సి.ఆర్. సుబ్బరామన్ లేరు, ముప్పై ఏళ్లయినా నిండకుండానే 1952లో పోయారు. పెట్టెలో దేవదాసు పాటలు ఘంటసాల మీట దగ్గరా, నాగేశ్వరరావు మీట దగ్గరా వస్తాయి. సుబ్బరామన్ ఎక్కడా లేరు. ఏ.ఎం. రాజా అయితే గాయకుల్లో ఉన్నారు గానీ, పెళ్లికానుకకు సంగీతం కూడా ఆయనదేనని పుస్తకం చెప్పదు. (విప్రనారాయణలో నాగేశ్వరరావుకు రాజా గొంతు నప్పలేదని బావగారి వాదన. నేను ఒప్పుకోను. ఆ మెత్తదనం లేకపోతే ఆ భక్తుడే లేడు.)

కుర్రాడు ఇళయరాజా భక్తుడు. సాగరసంగమం పెట్టి మమ్మల్ని కూడా కాసేపు కదలనివ్వలేదు. అయినా నా మాట నేను చెప్పాను: తెలుగులో ఎనభైల పదేళ్లలో వచ్చిన సంగీతమంతా ఒక ఎత్తు, రమేష్ నాయుడి మేఘసందేశం ఒక్కటీ ఒక ఎత్తు. “అదేటండి, అంత మాటనేశారు!” అన్నాడు. అందులోని ‘ఆకాశ దేశాన’ పెట్టమన్నాను. ఏసుదాసు పేజీలో వెతికి పెట్టాడు. పాట సగంలో ఉండగా, “ఇది చేసిన ఆయనవి ఇంకేం ఉన్నాయండీ?” అని అడిగాడు. పెట్టె దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆ సినిమాకు జాతీయ అవార్డు అందుకున్న మనిషికి ఒక పేజీ, ఒక మీట ఇవ్వలేకపోయారు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే తప్పకుండా కొనండి. వాళ్లకు ఇంతకన్నా తేలికైన వస్తువు నేను చూడలేదు. పాటల గురించి తెలుసుకోవాలని ఉంటే మాత్రం ఈ పుస్తకాన్ని నమ్ముకోకండి. కంపెనీవాళ్లకు ఉత్తరం రాశాను: మళ్లీ అచ్చు వేసేటప్పుడు ప్రతి పాట పక్కన సంగీతం, రచన అని రెండు గళ్లు పెట్టండి, మీట మీద సాలూరి, పెండ్యాల, మహదేవన్, రమేష్ నాయుడు పేర్లు చేర్చండి అని. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా మాస్టారు, నేను కలిసి మా పుస్తకంలో పెన్సిలుతో పేర్లు రాస్తున్నాం. ఘంటసాల పేజీలు అయిపోయాయి, ఈ ఆదివారం నుంచి సుశీల.