చిన్న ఆఫీసుకు బ్యాకప్: నాలుగేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

బ్యాకప్ కొనాలనుకోగానే అందరూ మొదట అడిగేది "ఎన్ని టెరాబైట్లు కావాలి?" అని. నాలుగేళ్లకు పైగా వాడాక నేనైతే ఆ ప్రశ్నను చివరికి నెట్టేస్తాను. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. బ్యాకప్ ఏదో ఒక రోజు ఆగిపోతుంది. ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది, ఎన్నాళ్లకు తెలుస్తుంది? ఐటీ మనిషి లేని ఆఫీసులో మంచి బ్యాకప్‌కీ పనికిరాని బ్యాకప్‌కీ తేడా ఎక్కువగా అక్కడే కనిపించింది నాకు.

మాది ఎనిమిది కంప్యూటర్ల ఆఫీసు. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ డేటా, బిల్లులు, స్కాన్ చేసిన కాగితాలు, లెక్కలేనన్ని ఎక్సెల్ ఫైళ్లు, ఔట్‌లుక్ మెయిల్స్ అన్నీ కలిపి ఒక టెరాబైటుకు కాస్త అటూ ఇటూ. కంప్యూటర్లు చూసుకునే పని, నా అసలు పనితో పాటు, నా నెత్తినే పడింది. ఇప్పుడున్న ఏర్పాటు మూడు పొరలది. ఆఫీసులోనే రెండు డిస్కుల నాస్ (అన్ని కంప్యూటర్లూ నెట్‌వర్క్ ద్వారా వాడుకునే నిల్వ పెట్టె), రోజూ రాత్రి క్లౌడ్‌కి వెళ్లే ఎన్‌క్రిప్ట్ అయిన (తాళం లేకుండా ఎవరూ చదవలేని) కాపీ, వారానికోసారి మార్చే రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు. నాస్ కంపెనీ పేరు, క్లౌడ్ కంపెనీ పేరు రాయడం లేదు. ఈ స్థాయి పరికరాల్లో ఏ కంపెనీది కొన్నామన్న దానికన్నా ఎలా అమర్చుకున్నామన్నదే ఎక్కువ తేడా తెస్తుంది.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇది: డేటా మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి ఆఫీసు బయట. చాలామందికి తెలిసిందే కాబట్టి దాని గురించి ఇంతకన్నా చెప్పను.

అంతకుముందు మాకు గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటి సింక్ ఫోల్డర్లు ఉండేవి. వాటిని తీసెయ్యలేదు, ఇప్పటికీ వాడుతున్నాం. ఒకే ఫైలు మీద ఇద్దరు పని చేయడానికి అవి బాగుంటాయి. కానీ సింక్ అంటే ఇక్కడ జరిగిందే అక్కడా జరగడం. ఇక్కడ ఫైలు చెడిపోతే ఆ చెడిపోయిన ఫైలే నిమిషాల్లో అన్నిచోట్లకీ చేరుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో ఫైలు 30 రోజులే ఉంటుంది. వన్‌డ్రైవ్‌లో మొత్తం ఫోల్డర్లను వెనక్కి తిప్పుకునే వీలు కూడా గత 30 రోజులకే. అకౌంట్ల పనిలో ఫైలు పోయిన సంగతి బయటపడేది సంవత్సరాంతంలో, ఆడిటర్ అడిగినప్పుడు. అప్పటికి 30 రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. అందుకే మేం రోజువారీ కాపీలు ఒక నెల, వారానివి మూడు నెలలు, నెలవారీవి రెండేళ్లు ఉంచుతున్నాం. మారిన భాగాలనే దాచే పద్ధతి కాబట్టి ఇందుకు అనుకున్నంత చోటు పట్టలేదు.

నాస్‌లో రెండు డిస్కులూ రెయిడ్ 1లో ఉన్నాయి, అంటే ఒకే డేటా రెండింటి మీదా ఒకేసారి రాస్తుంది. ఒక డిస్కు పోతే రెండోది పని నడిపిస్తుంది, అంతవరకే. ఫైలు డిలీట్ చేస్తే రెండింటి నుంచీ అదే క్షణంలో పోతుంది. "రెయిడ్ ఉంది కదా, ఇంకా బ్యాకప్ ఎందుకు?" అని మా ఓనర్ గారు కూడా అడిగారు, అమ్మే వాళ్లు అలాగే చెబుతారు మరి. మాకు ఒక డిస్కు నిజంగానే పోయింది. కొత్తది పెట్టాక మళ్లీ రెండూ సమానం కావడానికి దాదాపు రాత్రంతా పట్టింది, మర్నాడు ఆఫీసు మామూలుగానే నడిచింది. రెయిడ్ చేసే మేలు అది. అంతకుమించి దాని నుంచి ఆశించకూడదు.

నాస్‌లో నాకు బాగా నచ్చింది స్నాప్‌షాట్, అంటే ఫోల్డర్ ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే గుర్తుపెట్టుకోవడం. షేర్డ్ ఫోల్డర్‌కి గంటకోసారి పెట్టుకున్నాం. కొనేటప్పుడు అగ్నిప్రమాదాలు, రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే వైరస్) లాంటి పెద్దవే ఆలోచిస్తాం. వాడకంలో మాత్రం అవసరం పడేవన్నీ చిన్నవే: పాత సంవత్సరం షీటు మీద కొత్తది సేవ్ చేసెయ్యడం, ఫోల్డర్‌ని పొరపాటున ఇంకో ఫోల్డర్‌లోకి లాగెయ్యడం. విండోస్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రీవియస్ వెర్షన్స్ తెరిస్తే గంట క్రితంది, నిన్నటిది, మొన్నటిది వరసగా కనిపిస్తాయి. ఇది ఒకసారి చూపించాక స్టాఫ్ నా దగ్గరికి రావడం మానేశారు, వాళ్లే తెచ్చుకుంటున్నారు. పెట్టిన డబ్బుకి ఈ ఒక్క సౌకర్యమే సగం న్యాయం చేసింది.

ఆఫీసు కంప్యూటర్లకు వీమ్ ఏజెంట్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉచిత ఎడిషన్ వాడుతున్నాం. ఫైళ్లే కాకుండా విండోస్, సెట్టింగులతో సహా కంప్యూటర్ మొత్తాన్నీ ఒక కాపీగా, అంటే ఇమేజ్‌గా తీస్తుంది. బిల్లింగ్ కంప్యూటర్ ఎస్‌ఎస్‌డీ హఠాత్తుగా చనిపోయినప్పుడు కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి, రికవరీ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, నాస్ నుంచి ఇమేజ్ దించాం. సాయంత్రానికి ప్రింటర్ సెట్టింగులతో సహా మునుపటిలాగే లేచింది. ఉచిత ఎడిషన్‌లో ఒక కంప్యూటర్‌కి ఒకే బ్యాకప్ జాబ్ పెట్టుకోగలం, మాకు అది సరిపోయింది. రికవరీ పెన్‌డ్రైవ్ మాత్రం ముందే చేసి పెట్టుకోవాలి.

అకౌంట్ల సాఫ్ట్‌వేర్ డేటా దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువ ఆఫీసులు దెబ్బతినేది ఇక్కడే. మా సాఫ్ట్‌వేర్ వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే మైక్రోసాఫ్ట్ ఉచిత డేటాబేస్ ఉంది. డేటాబేస్ నడుస్తున్నంతసేపు దాని ఫైలు తెరిచే ఉంటుంది, మామూలుగా కాపీ కొట్టబోతే వాడుకలో ఉందని ఆపేస్తుంది. ఇమేజ్ తీసే సాఫ్ట్‌వేర్లు విండోస్‌లోని షాడో కాపీ సదుపాయంతో దీన్ని దాటుతాయి గానీ, డేటాబేస్‌ని దాని సొంత బ్యాకప్ కమాండ్‌తో విడిగా తీయడమే నాకు నమ్మకం. చిక్కేంటంటే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో బ్యాకప్‌ని టైముకి తనంతట తానే నడిపే సదుపాయం ఉండదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో చిన్న స్క్రిప్టు పెట్టాల్సి వచ్చింది. రాత్రి 9కి డేటాబేస్ బ్యాకప్ ఫైలు తయారవుతుంది, 10కి నాస్ దాన్ని తీసుకుంటుంది. మధ్యలో గంట వదలడం కావాలనే. సగం రాసిన ఫైలు కాపీ అయితే అది బ్యాకప్ లెక్కలోకి రాదు.

ఇక క్లౌడ్. ఇక్కడ అంకెలు వేసుకోకుండా సంతకం పెట్టకూడదు. అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ అయితే ఒక టెరాబైట్ ఎక్కడానికి, లైను క్షణం ఆగకుండా నడిచినా, నాలుగున్నర రోజులు పడుతుంది. పగలు వేగం తగ్గించి రాత్రులే పూర్తిగా వదిలితే ఇంకా చాలా ఎక్కువ. ఒకసారి ఎక్కాక రోజూ మారిన భాగాలే వెళ్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. తిరిగి దించుకోవాలంటే 100 ఎంబీపీఎస్ లైన్లో కూడా అదే టెరాబైట్‌కి 22 గంటలు. అంటే క్లౌడ్ ఒక్కటే ఉంటే ఆఫీసు కనీసం ఒక రోజు మూతపడ్డట్టే. పని త్వరగా మళ్లీ మొదలవ్వాలంటే దగ్గర్లో ఉన్న కాపీ కావాలి. బిల్డింగుకే ఏమైనా అయితే దూరంగా ఉన్న కాపీ కావాలి. ఒకటుంటే రెండోది అక్కర్లేదు అనుకోవడానికి లేదు.

క్లౌడ్‌లో ఉంటే అదే భద్రం అనుకునే వాళ్లకు 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయిన సంగతి చెబుతుంటాను. అసలు డేటా, బ్యాకప్ ఒకే చోట పెట్టుకున్న కస్టమర్లకు రెండూ పోయాయి.

క్లౌడ్‌లో మేం తప్పనిసరి అనుకున్నది ఆబ్జెక్ట్ లాక్. ఒకసారి రాసిన డేటాని పెట్టిన గడువు లోపల ఎవరూ మార్చలేరు, తుడవలేరు. కంప్లయన్స్ మోడ్‌లో పెడితే ఖాతా యజమానికి కూడా ఆ అధికారం ఉండదు. మా పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడ్డా కాపీ మిగులుతుంది. దీని ఖర్చు మాత్రం ముందే తెలుసుకోవాలి. పొరపాటున చెత్త ఎక్కించినా గడువు తీరేదాకా దానికీ బిల్లు వస్తుంది. కొన్ని కంపెనీలు ఫైలు ముందే తీసేసినా 90 రోజుల నిల్వకి లెక్క కడతాయి, ఇంకొన్ని డేటా దించుకోవడానికి విడిగా వసూలు చేస్తాయి. జీబీకి ఇంత అని పెద్దక్షరాల్లో చూపించే రేటు ఒక్కటే చూసి కొంటే నెల తిరిగేసరికి బిల్లు చూసి టెన్షన్ మొదలవుతుంది.

ఎన్‌క్రిప్షన్ తాళం మా దగ్గరే ఉంటుంది, క్లౌడ్ కంపెనీకి తెలియదు. భద్రతకి అదే మంచిది, కానీ ఆ తాళం పోతే డేటాని ఎవరూ తెరవలేరు. కాగితం మీద ప్రింటు తీసి ఒకటి ఓనర్ గారి ఇంట్లో, ఒకటి బ్యాంకు లాకర్లో పెట్టాం. నాస్‌లోనే ఒక ఫైల్లో రాసి పెట్టుకున్న ఆఫీసుని చూశాను. ఇంటికి తాళం వేసి తాళంచెవి లోపలే వదిలేసినట్టు.

నాస్‌ని ఇంటర్నెట్‌కి నేరుగా తెరవొద్దు. ఇంటి నుంచి ఫైళ్లు చూసుకోవచ్చని రౌటర్‌లో పోర్టులు (బయటి నుంచి లోపలికి వచ్చే దారులు) తెరిచే సలహాలు ఇప్పటికీ ఇస్తున్నారు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ సరిగ్గా అలా తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ నాస్‌లనే పట్టుకుని ఫైళ్లన్నీ లాక్ చేసి, ఒక్కో యజమాని నుంచి 0.03 బిట్‌కాయిన్ అడిగింది. మేం బయటి నుంచి చూడాలంటే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే ఎన్‌క్రిప్ట్ అయిన దారి) ద్వారానే. నాస్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఏ ఆఫీసు కంప్యూటర్లోనూ సేవ్ చేసి లేదు, బ్యాకప్ ఫోల్డర్ ఎవరికీ డ్రైవ్ లెటర్‌గా కనిపించదు.

ఇప్పుడు మొదట్లో అన్న మాటకి వస్తాను. మా నాస్‌కి ఉన్న పెద్ద లోపం హెచ్చరికల్లోనే ఉంది. జాబ్ ఫెయిలైతే మెయిల్ పంపుతుంది. మెయిల్ సర్వీసు వాళ్లు పాత పద్ధతి లాగిన్‌ని ఆపేసిన రోజు నుంచి ఆ మెయిల్స్ బయటికే వెళ్లలేదు. మెయిల్ పంపలేకపోయానని చెప్పడానికి దానికున్న దారి కూడా మెయిలే. ఇది మా ఒక్కరి కథ కాదు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సర్వీసులో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. బ్యాకప్ కోసం చూస్తే, క్లౌడ్‌లో ఉండాల్సిన చోటు ఖాళీ. డేటాబేస్ వెర్షన్ తేడా వల్ల రోజూ బ్యాకప్ ఫెయిలవుతూనే ఉంది, ఆ సంగతి చెప్పే మెయిల్స్‌ని మెయిల్ సర్వర్ తిప్పికొడుతూ ఉంది. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ దొరికింది. అంత పెద్ద టెక్నాలజీ కంపెనీలోనే అలా జరిగితే, ఎనిమిది కంప్యూటర్ల ఆఫీసు ఎంత?

అందుకే పద్ధతిని తిరగేశాం. ఫెయిలైతే చెప్పమనడం కాదు, పూర్తయితే చెప్పమనడం. ప్రతి రాత్రి పని ముగియగానే స్క్రిప్టు బయటి సర్వీసు ఒకదానికి కబురు పెడుతుంది, మేం హెల్త్‌చెక్స్ వాడుతున్నాం. ఉదయం 7 లోపు కబురు అందకపోతే ఆ సర్వీసే నా ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. కరెంటు పోయినా, నాస్ పాడైనా, ఇంటర్నెట్ లేకపోయినా, మెయిల్ ఆగినా, అన్నిటికీ ఒకటే ఫలితం: ఫోన్ మోగుతుంది. ఈ మార్పు తర్వాతే నేను రోజూ నాస్ పేజీ తెరిచి చూడటం మానేశాను.

అయినా కబురు రావడం వేరు, డేటా తెరుచుకోవడం వేరు. మూడు నెలలకోసారి అకౌంట్ల డేటాని పాత కంప్యూటర్ ఒకదాని మీద రీస్టోర్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మా అకౌంటెంట్ గారిని ట్రయల్ బ్యాలెన్స్ సరిచూడమంటాను. ఫైలు సైజు చూసి సరిపోయిందనుకోవడం కన్నా ఇది ఎంతో నయం. ఆవిడకి మొదట్లో విసుగ్గా ఉండేది, ఇప్పుడు ఆవిడే గుర్తు చేస్తున్నారు.

ఎక్స్‌టర్నల్ డిస్కులు ఈ మూడింట్లో బలహీనమైన పొర, ఎందుకంటే మనిషి గుర్తుపెట్టుకుని మార్చాలి. అయినా వదులుకోను. కేబుల్ పీకేసి ఉన్న డిస్కుని ఏ వైరసూ ముట్టుకోలేదు. దీనికి ఎస్‌ఎస్‌డీ కన్నా మామూలు హార్డ్ డిస్కే మేలు, కరెంటు లేకుండా చాలాకాలం పక్కన పడి ఉంటే ఎస్‌ఎస్‌డీలో డేటా చెదిరే ప్రమాదం ఉంది. నాస్‌కి యూపీఎస్ కూడా తప్పనిసరి, దాని యూఎస్‌బీ కేబుల్ నాస్‌కి కలిపితే బ్యాటరీ అయిపోయే ముందు నాస్ తనంతట తాను సరిగ్గా ఆగుతుంది. ఫ్యాన్ చప్పుడు, గందరగోళంగా ఉండే మెనూలు అలవాటైపోతాయి.

రెండు మూడు కంప్యూటర్లే ఉన్న వాళ్లకి నాస్ దండగ. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు, కంప్యూటర్‌కి ఇంత అని తీసుకునే క్లౌడ్ బ్యాకప్ ఒకటి చాలు. పనంతా గూగుల్ వర్క్‌స్పేస్‌లోనో మైక్రోసాఫ్ట్ 365లోనో జరిగే ఆఫీసులైతే ముందు ఆ ఖాతాల్లోని మెయిల్స్‌ని, ఫైళ్లని బయటికి కాపీ తీసే సాధనం చూసుకోవాలి. ఉద్యోగి మానేశాక ఖాతా తీసేస్తే గూగుల్‌లో 20 రోజులు, మైక్రోసాఫ్ట్‌లో 30 రోజులు దాటాక దాన్ని వెనక్కి తేలేం.

మా నాస్ వారంటీ అయిపోవచ్చింది, కొత్తది చూస్తున్నాను. ఈసారి నాలుగు డిస్కులది. అమ్మేవాళ్లని మొదట అడుగుతున్నది, మీ నాస్ లేకుండా మీ బ్యాకప్ ఫైలుని మామూలు విండోస్ కంప్యూటర్లో తెరవగలనా అని. క్రాష్‌ప్లాన్ అనే బ్యాకప్ కంపెనీ 2017లో ఇళ్లలో వాడేవాళ్లకి ఇచ్చే సర్వీసుని ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి రోజు ఏ కంపెనీకైనా రావచ్చు. ఆ ప్రశ్నకి ఇప్పటికి ఒక్కరే నా ఎదురుగా తెరిచి చూపించారు, బహుశా వాళ్ల దగ్గరే కొంటాను.