క్లాక్ టవర్ దగ్గరి గ్రూప్స్ కోచింగ్: క్లాసు బాగుంది, నోట్స్ పాతవి

నల్గొండలో ఇక్కడ రెండు నెలలుగా చదువుతున్నా. బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి యూకే బయటికి రావడం) క్లాసు అద్భుతం. వాడపల్లి దగ్గర కృష్ణ దాటే ప్రతి లారీని రేపటి నుంచి కస్టమ్స్ కాగితాలు అడిగితే ఎట్లుంటది అని సార్ మొదలుపెట్టారు, ఉత్తర ఐర్లండ్ గొడవలకు తెరదించిన 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం తర్వాత ప్రశాంతంగా ఉన్న, యూకేలో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కూ, యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్న ఐర్లండ్‌కూ మధ్య దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దులో మళ్లీ చెక్‌పోస్టులు రాకూడదనే బ్రిటన్ నుంచి ఉత్తర ఐర్లండ్‌కు వచ్చే సరుకుల మీద తనిఖీలు పెట్టారని అప్పుడు అర్థమైంది. సొంత దేశంలోనే తనిఖీలేంటని యూకేలోనే ఉండాలనే యూనియనిస్టులకు ఎందుకు కోపమొచ్చిందో కూడా తెలిసింది.

నోట్స్ మాత్రం 2020 దగ్గరే ఆగాయి. ఆ తనిఖీలను సడలించిన 2023 విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ ఒప్పందం ఊసే లేదు! అడిగితే జెరాక్స్ ఇస్తామన్నారు, మూడు వారాలైంది, పరీక్ష టెన్షన్ మాది. సార్ క్లాసు కోసం చేరండి, నోట్స్ మీరే రాసుకోండి.