రాయగడలో మసాలా పట్టించిన పంది మాంసం: కొనొచ్చు, కానీ ఏది కొనాలో చూసుకోండి

రాయగడలో పంది మాంసం దొరకడం పెద్ద కష్టమేం కాదు, ఆదివారం పూట ఎవర్ని అడిగినా కొట్టు చూపిస్తారు. కానీ కొట్టించి, కడిగి, మసాలా నూరి పట్టించే ఓపిక ఎవరికుంది? స్టేషన్ నుంచి బజారుకి వచ్చే దారిలో ఒక చిన్న కొట్టువాళ్లు మసాలా కలిపిన మాంసమే డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారు. పార్వతీపురం నుంచి మా వదినావాళ్లు సాయంత్రం బండికి వస్తున్నామని ఫోన్ చేస్తే అదే తెప్పించాం.

మూత తీయగానే వెల్లుల్లి, వేయించిన ధనియాల వాసన గుప్పుమంది. రంగు కలపలేదు, వేళ్లకు ఎర్రగా అంటలేదు. పెరుగు బదులు వెనిగర్ వేశారు, కొవ్వున్న మాంసానికి ఆ పులుపే బాగుంటుంది. నాకు నచ్చింది ఉప్పు. మసాలా ఎంతసేపు నానినా ముక్క పైపైనే ఉంటుంది, లోపలికి దిగేది ఉప్పే, ఇక్కడ లోపల కూడా చప్పగా లేదు.

వండేటప్పుడు నూనె పోయకండి. మందపాటి మూకుడులో సన్నసెగ మీద మూతపెట్టి వదిలేస్తే నీరూరి, కొవ్వు కరిగి అందులోనే ఉడికిపోతుంది, ఆఖర్న మూత తీసి ఇగరబెడితే అంచులు కరకరలాడతాయి. మాకు గంట లోపే అయిపోయింది, ఆ గంటా నేను హాల్లో వదినతో కబుర్లే. అయితే బద్దెపురుగు భయం ఉన్న మాంసం కాబట్టి ఉడకడం విషయంలో మొహమాటం వద్దు, థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో 71 డిగ్రీలు దాటిందో లేదో చూడండి. డబ్బా అడుగున మిగిలిన పచ్చి మసాలాని వండిన కూరలో అలాగే గుమ్మరించకండి, మూకుడులో వేసి బాగా మరిగించాకే.

ఇక బోన్‌లెస్ డబ్బా అయితే దండగ. అందులో పచ్చి బొప్పాయి వేస్తారట, మర్నాటికి ఉంచితే ముక్క పిండిపిండి అయిపోయింది, పైగా కొవ్వు లేక గొంతు దిగదు. ధర కూడా మామూలు మాంసం కంటే బాగానే ఎక్కువ, సంచిలో మసాలా కారడం వేరే గొడవ, డబ్బాకి ఇంకో కవరు అడిగి తీసుకోండి.

ఎముకతో ఉన్న భుజం ముక్కలే అడగండి, కొవ్వు తీసేయొద్దని ముందే చెప్పండి. ఆదివారం పొద్దెక్కితే అవి అయిపోయి ఉత్త తొడ మాంసమే మిగులుతుంది, అప్పుడు మాత్రం హాయిగా కోడి తెచ్చుకోండి.