చలికాలం ఉత్తరాన చూడాలంటే: ట్రోమ్సోనా, ఫెయిర్‌బ్యాంక్సా?

రెండు చోట్లా అరోరా, అంటే రాత్రి ఆకాశంలో మెరిసే రంగుల వెలుగు, కనిపిస్తుంది. మిగతాదంతా తేడానే.

చలి: నార్వేలోని ట్రోమ్సో ఆర్కిటిక్ వలయం లోపలే ఉన్నా, వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల జనవరిలో సున్నాకు కొన్ని డిగ్రీలు కిందే ఉంటుంది. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ వలయానికి దక్షిణాన ఉన్నా అసలు చలి అక్కడే. మైనస్ 30 మామూలు, మైనస్ 40 కూడా పడుతుంది. రాత్రిపూట కార్ల ఇంజిన్ హీటర్లను ప్లగ్గులో పెట్టి వదిలేస్తారు, ఫోన్ ఛార్జర్‌లా.

చీకటి: ట్రోమ్సోలో నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. అలాగని కటిక చీకటేమీ కాదు. మధ్యాహ్నం కొన్ని గంటలు మంచుకొండల మీద నీలం, గులాబీ వెలుగు పరుచుకుంటుంది. నాకైతే అరోరా కన్నా అదే ఎక్కువ అందం. ఫెయిర్‌బ్యాంక్స్‌లో డిసెంబర్‌లోనూ రోజుకు దాదాపు నాలుగు గంటల పగలుంటుంది.

ఆకాశం: ట్రోమ్సోకి మబ్బుల టెన్షన్ ఎక్కువ. టూర్ బస్సులు ఒక్కోసారి ఫిన్లాండ్ సరిహద్దు దాటి వెళ్తాయి. ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ, ముఖ్యంగా మార్చిలో.

ఖర్చు, తిరగడం: నార్వేలో భోజనం జేబుకు చిల్లే. కానీ ఊళ్లో నడిచో, సిటీ బస్సులోనో తిరగొచ్చు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో కారో, టూరో తప్పదు. గడ్డకట్టిన రోడ్డు మీద అలవాటు లేకుండా నడపకండి.

అమెరికాలో ఉంటే సియాటెల్ మీదుగా ఫెయిర్‌బ్యాంక్స్, వేరే వీసా అక్కర్లేదు. హైదరాబాద్ నుంచైతే, పిల్లలో పెద్దవాళ్లో వెంట ఉంటే, షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు ఒకటే వీసా) తీసుకుని ట్రోమ్సో. అరోరా ఒక్కటే లక్ష్యమైతే మాత్రం మార్చిలో ఫెయిర్‌బ్యాంక్సే.