ఫొటో చాలా, భూతద్దం కావాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు కంది పూత మీద వాలే బ్లిస్టర్ బీటిల్ (చర్మాన్ని బొబ్బలెక్కించే పెంకు పురుగు) ఏ ఉపజాతిదో తేల్చాలంటే రెండు దారులు: ఫొటో, లేదా పురుగునే పట్టి చూడటం.

ఫొటో సులువు. నల్లటి రెక్కల మీద వెడల్పాటి అడ్డపట్టీలు, భుజం దగ్గర గుండ్రటి మచ్చ కనిపిస్తే మైలాబ్రిస్ పస్టులేటా అనే జాతి అని అనుమానించవచ్చు. అక్కడితో ఆగాలి. ఒకే జాతిలోనూ పట్టీల రంగు, వెడల్పు మారుతుంటాయి. చచ్చి ఎండితే రంగు వెలిసిపోతుంది కూడా. రంగును బట్టి ఉపజాతి పేరు పెట్టేయడం నాకు అస్సలు నచ్చదు.

భూతద్దం కింద కొమ్ములు చూడండి. మైలాబ్రిస్‌కు అవి చివర లావెక్కుతాయి, ఎపికాటా అనే మరో బ్లిస్టర్ బీటిల్ రకాలకు దారంలా సన్నగా ఉంటాయి. ముందరి, మధ్య కాళ్ల పాదాలకు ఐదేసి కణుపులు, వెనక కాళ్లకు నాలుగేసి. ఉపజాతి దాకా వెళ్లాలంటే మగ పురుగు జననాంగాలు కూడా చూడాలి, అది నిపుణుల పని.

పట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. నొక్కితే కాళ్ల కీళ్ల నుంచి పసుపు ద్రవం కారుతుంది. అందులోని కాంథారిడిన్ అనే విషం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. పట్టకారు వాడండి.

రైతుకైతే ఫొటో చాలు. పరిశోధనకైతే పురుగు కావాలి, దాంతోపాటు ఊరు, తేదీ, ఏ మొక్క మీద దొరికిందో రాసిన చీటీ కూడా.