బోస్టన్ మారథాన్: చెడ్డపేరు ఎత్తుకి, అసలు దెబ్బ దిగుడుది

క్వాలిఫై టైమ్ ఎంత, నంబర్ ఎలా దొరుకుతుంది, పొద్దున్నే పసుపు స్కూల్ బస్సుల్లో రేసు మొదలయ్యే హాప్‌కింటన్‌కి ఎలా తీసుకెళ్తారు లాంటివి పరిగెత్తేవాళ్ళందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తున్నా. నేను రాయదలచుకున్నది దిగుడు గురించి. చాలా ఏళ్ళుగా ఛారిటీ నంబర్ మీద (క్వాలిఫై టైమ్ లేకపోయినా, సేవా సంస్థకి చందాలు పోగుచేస్తే దొరికే నంబర్) బోస్టన్ పరిగెత్తుతున్నాను. నా కాళ్ళని దెబ్బతీసింది ఒక్కసారి కూడా హార్ట్‌బ్రేక్ హిల్ కాదు. అయినా ఫొటోలన్నీ దానికే, టీషర్టుల మీద పేరూ దానిదే.

ముందు ఆ హిల్ సంగతి తేల్చేద్దాం. 16వ మైలు దాటాక న్యూటన్ అనే ఊళ్ళో వరసగా నాలుగు ఎత్తులు వస్తాయి, ఆఖరిది ఇది. ఎక్కాల్సింది 27 మీటర్లు, పొడవు అర మైలు కూడా ఉండదు. హైదరాబాద్ మారథాన్‌లో ఆగస్టు ఉక్కపోతలో ఫ్లైఓవర్లు ఎక్కినవాళ్ళకి ఇదొక లెక్కలోది కాదు. ఆ పేరు కూడా ఎత్తుని చూసి పెట్టింది కాదు. 1936లో జానీ కెల్లీ, అంతకు ముందు ఏడాది విజేత, వెనక నుంచి తరుముకొచ్చి ఇక్కడ ఎలిసన్ బ్రౌన్‌ని అందుకున్నాడు. దాటుతూ దాటుతూ అతని భుజం తట్టాడు. బ్రౌన్‌కి ఎక్కడలేని రోషం వచ్చి, మళ్ళీ ముందుకు దూసుకుపోయి రేసు గెలిచేశాడు. కెల్లీ గుండె అక్కడే బద్దలైందని బోస్టన్ గ్లోబ్ విలేఖరి జెర్రీ నేసన్ రాయడంతో పేరు స్థిరపడింది. నన్నడిగితే అందులో రోడ్డు తప్పేమీ లేదు, తప్పంతా భుజం తట్టినవాడిది. కెల్లీ మాత్రం మొత్తం 61 సార్లు బయల్దేరి 58 సార్లు పూర్తి చేశాడు. ఆఖరిసారి 1992లో, 84 ఏళ్ళ వయసులో.

ఇక దిగుడు. హాప్‌కింటన్‌లో రేసు మొదలయ్యే గీత దాటగానే రోడ్డు కిందికి జారిపోతుంది. మొదటి మైలులోనే దాదాపు 40 మీటర్లు దిగుతాం. నాలుగో మైలుకి అది 90 మీటర్ల దాకా వెళ్తుంది. ఒళ్ళంతా తాజాగా ఉంటుంది, చుట్టూ వేలమంది, ఆయాసం అన్నదే ఉండదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఎంత కష్టపడుతున్నామో ఊపిరి వెంటనే చెప్పేస్తుంది. దిగేటప్పుడు అలా చెప్పేవాళ్ళు ఉండరు. అడుగు పడ్డ ప్రతిసారీ ఒంటి బరువుని ఆపడానికి తొడ ముందు కండరం సాగుతూనే బిగుసుకోవాలి. ఆ పని కండని లోలోపల చింపుతుంది. బిల్లు మాత్రం రెండున్నర మూడు గంటల తర్వాత వస్తుంది. నెమ్మదిగా వెళ్తే సరిపోతుందిగా అంటారు. నెమ్మదిగా వెళ్ళడమంటే బ్రేకులు వేయడమే, ఆ బ్రేకులు కూడా తొడలే వేయాలి.

మేముండేది ఆష్‌లాండ్‌లో, హాప్‌కింటన్‌కి పక్క ఊరు. నా కోపానికి చరిత్రలో కూడా కొంత ఆధారం ఉంది. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్ చూసొచ్చిన బోస్టన్ అథ్లెటిక్ అసోసియేషన్ వాళ్ళు మర్నాటి ఏడాదే ఇక్కడ మారథాన్ పెట్టారు. 1897 ఏప్రిల్ 19న మా ఊళ్ళోని మెట్‌కాఫ్ మిల్లు దగ్గర పదిహేనుమంది బయల్దేరారు. జాన్ మెక్‌డెర్మట్ 2:55:10కి గెలిచాడు. అప్పటి దూరం ఇరవై నాలుగున్నర మైళ్ళే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన 42.195 కిలోమీటర్లే తర్వాత అందరికీ ప్రమాణమయ్యాయి. అంత దూరం కావాలంటే బోస్టన్ వాళ్ళు గీతని వెనక్కి జరపాలి. వెనక్కి అంటే పడమటికి, పడమటికి అంటే పైకి. అలా 1924లో మొదలు హాప్‌కింటన్‌కి మారింది. అంటే నేను తిట్టుకునే ఆ దిగుడులో చాలా భాగం మొదటి పాతికేళ్ళకి పైగా ఈ రేసులో లేనే లేదు. మారథాన్ మా ఊరు పెట్టింది, దిగుడు పక్క ఊరు తగిలించింది. (మా వీధిలో ఈ మాట అంటే చప్పట్లు కొడతారు. హాప్‌కింటన్‌లో అనలేదు.)

ఇదే దిగుడు 2011లో కెన్యా రన్నర్ జెఫ్రీ ముతాయ్‌ని కూడా ముంచింది, ఇంకో రకంగా. వెనక నుంచి గాలి తోస్తుంటే 2:03:02కి పూర్తి చేశాడు. అప్పటికి లోకంలో అంతకంటే వేగంగా మారథాన్ పరిగెత్తినవాడు లేడు. కానీ ప్రపంచ రికార్డు ఇవ్వలేదు. మొదలు, చివర మధ్య దూరం ఎక్కువ, పైగా మొత్తం మీద 140 మీటర్ల పల్లం, నిబంధన ఒప్పుకునేది 42 మీటర్లే. ఇంకో తమాషా ఉంది. కొండల మీద నుంచి దిగే రేసుల్లో టైమ్ తెచ్చుకుని బోస్టన్‌కి అప్లై చేసేవాళ్ళు ఎక్కువయ్యారని, 457 మీటర్లు, అంతకు మించి దిగే కోర్సులైతే 2027 నుంచి ఆ టైమ్‌కి నిమిషాలు కలుపుతామని బోస్టన్ నిర్వాహకులు అన్నారు. దిగుడు గురించి బోస్టన్ పాఠం చెప్పడం!

నాకు అసలు దెబ్బ తగిలిన ఏడు చెబుతా. ఎండగా ఉంది. మొదటి మైళ్ళు చాలా అదుపులో వెళ్ళాను, న్యూటన్ ఎత్తులు నాలుగూ ఆగకుండా ఎక్కాను, ఇక అయిపోయిందనుకున్నాను. హార్ట్‌బ్రేక్ దాటాక బోస్టన్ కాలేజీ కుర్రాళ్ళ కేకలు, ఆ తర్వాత స్మశానం పక్క నుంచి మళ్ళీ దిగుడు. అక్కడ కుడి మోకాలి పైన కండ చర్మం కింద చేప కొట్టుకున్నట్టు కొట్టుకుంది. రెండడుగుల్లో రాయిలా బిగుసుకుంది. నిమిషానికి ఎడమది కూడా. మోకాలు వంచితే కూలిపోతాను, వంచకపోతే దిగలేను. చివరికి వెనక్కి తిరిగి వెనకడుగులు వేశాను, అలా అయితే నొప్పి కాస్త తక్కువ. నన్ను చూసి ఒక కుర్రాడు కంగారుగా "ఫినిష్ అటువైపండీ!" అని అరిచాడు. సంగతి చెబితే పకపకా నవ్వి, బీరు డబ్బాలు పెట్టుకున్న కూలర్‌లోంచి ఎర్ర ప్లాస్టిక్ గ్లాసు నిండా ఐసు తీసిచ్చాడు. రోడ్డంచున నిలబడి తొడకి అద్దుకున్నాను. నీళ్ళు కారి సాక్సు తడిసిపోయింది, పైగా బీరు వాసన. మిగిలిన నాలుగు మైళ్ళ పైచిలుకు నడక, పరుగు, నడక. ఆ కుర్రాడి మొహం గుర్తు లేదు కానీ గ్లాసు మాత్రం చాలాదూరం చేతిలోనే ఉంది.

విచిత్రం ఏమిటంటే, నా తొడలు బాగున్న ఏడు వాతావరణం అందరినీ ఏడిపించిన 2018. మూడు నాలుగు డిగ్రీల చలి, కుండపోత వాన, ఎదురుగాలి. పేరున్న రన్నర్లు చాలామంది మధ్యలో ఆగిపోయారు. మగవాళ్ళలో అప్పట్లో జపాన్‌లో గవర్నమెంటు ఉద్యోగం చేసుకుంటున్న యుకీ కవౌచి, ఆడవాళ్ళలో అమెరికా రన్నర్ డెస్ లిండెన్ గెలిచారు. అమెరికా అమ్మాయి గెలిచి అప్పటికి 33 ఏళ్ళయింది. ఎదురుగాలి నన్ను దిగుడులో పరిగెత్తనివ్వలేదు, బ్రేకులు అదే వేసింది. వేళ్ళు కొయ్యబారి షూ లేసులు నేను విప్పుకోలేకపోయాను, మా ఆవిడ విప్పింది. మర్నాడు మాత్రం మామూలుగా నడిచాను.

జనం గురించి అందరికీ గొప్పగా చెబుతుంటాను, అది నిజమే. వెల్‌స్లీ కాలేజీ అమ్మాయిల అరుపులు అర మైలు ముందే వినపడతాయి. 1966లో హాప్‌కింటన్‌లో పొదల్లో దాక్కుని, నంబర్ లేకుండా బాబీ గిబ్ అనే ఆవిడ పరిగెత్తినప్పుడు కూడా ఆ కాలేజీ వాళ్ళు అలాగే అరిచారట. ఆడవాళ్ళని అధికారికంగా రానిచ్చింది 1972లో. కాకపోతే ఒక మాట. జనం మనల్ని మోసేస్తారనుకోకండి. వాళ్ళు మోసేది కాళ్ళు బాగున్నంతవరకే. కేకలకి తెలియకుండానే పేస్ (పరుగు వేగం) పెరుగుతుంది, ఆ ఖర్చు కూడా మన ఖాతాలోకే. ఆష్‌లాండ్, ఫ్రామింగ్‌హామ్ మధ్య కొన్నిచోట్ల జనం పలచగానే ఉంటారు. నాకిప్పుడు అక్కడే హాయిగా ఉంటుంది.

మళ్ళీ పరిగెత్తుతానా అంటే పరిగెత్తుతాను. నాకు రోడ్డు ఇంటి ముందుంది, శనివారాలు అదే దిగుడు మీద ప్రాక్టీసు చేసుకుంటాను, రాత్రికి సొంత మంచం మీద పడుకుంటాను. ఇండియా నుంచి లక్షలు పెట్టి, ఉన్న సెలవులన్నీ ఊడ్చి, ఒకే ఒక్కసారి మంచి టైమ్ కోసం వచ్చేవాళ్ళకి ఇదే మాట చెప్పలేను. మోకాళ్ళు అంతంతమాత్రమైతే బెర్లిన్, చికాగో చదునుగా ఉంటాయి. అలాగని పూర్తిగా నా మాట కూడా పట్టుకోవద్దు. డాలస్‌లో ఉండే మా తోడల్లుడు అక్కడి చదును రోడ్ల మీద తయారై వచ్చి, "ఏముందన్నయ్యా ఇందులో" అనేశాడు. అతను నాకంటే పదిహేనేళ్ళు చిన్న, బరువు కూడా బాగా తక్కువ. హోటల్ తీసుకునేవాళ్ళు మాత్రం లిఫ్ట్ ఉందో లేదో ముందే అడగండి. మర్నాడు మెట్లు ఎక్కడం పర్వాలేదు, దిగడంతోనే పేచీ.